కచ్చా కుట్టు

ఆ పిల్లకి మైకు అని పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. ఆయనది మైకుసెట్ల దుకాణం. పెళ్ళికైనా, మీటింగుకైనా, తప్పిపోయిన గేదెకైనా ఆయన మైకులే అరవాలి. పిల్ల పుట్టినరోజున మొదటి ఏడుపు విని, "ఇక నాకు ఆంప్లిఫయర్ ఖర్చు తప్పింది" అన్నాడట. నాలుగో క్లాసులోనే స్కూలు వార్షికోత్సవానికి అనౌన్స్‌మెంట్లన్నీ ఆమే చెప్పింది. కాలేజీకొచ్చేసరికి ఆమె ఫోన్ చేస్తే, అవతలివాళ్ళు ఫోను పక్కన పెట్టి కిటికీ తెరుచుకునేవారు.

అలాంటి మైకు, ఒక సెమిస్టర్ స్పానిష్ చదవడానికి విమానమెక్కి, పరాయి దేశంలో పరాయివాళ్ళ ఇంట్లో దిగి, దిగిన నిమిషం నుంచీ మూగబోయింది. కరెంటుంది, వైరుంది, సౌండు లేదు.

భయమా అంటే భయం కాదు. తప్పు పడదు ఆమెకి. గోడమీద కేలండర్ కాస్త పక్కకి ఒరిగితే అన్నం సయించదు. టైలర్ దగ్గర్నుంచి అమ్మ జాకెట్లొస్తే, వేలాడే దారాలన్నీ ఏరి తెంపడం ఆమె డ్యూటీ. ఒకసారి సిటీబస్సులో ముందు సీటాయన కాలర్ మీద దారం కనిపిస్తే, ఆగలేక లాగేసి, "ఏంటమ్మా, మెడకాయ కోస్తున్నావా?" అని తిట్లు తిన్న చరిత్ర కూడా ఉంది.

స్పానిష్‌లోనూ అదే జబ్బు. వాక్యం తలలో పూర్తిగా తయారై, ఇస్త్రీ అయ్యి, మడత పెడితేగాని నోరు తెరవదు. కర్త కుదిరితే క్రియ కుదరదు, క్రియ కుదిరితే కాలం కుదరదు. ఆ భాషలో భూతకాలాలు ఒకటి కాదు, ఒక్కో భూతానిది ఒక్కో రకం పీడ. కర్తా క్రియా రెండూ కుదిరేసరికి మిగిలేది మైకు కర్మ. "ఇది స్పానిష్ కాదు నాన్నా, పనిష్‌మెంటు" అని ఫోన్లో వాపోయేది. ఆ వాపోవడం మాత్రం తెలుగులో కాబట్టి వీధి చివరిదాకా వినిపించేది.

ఆమె దిగిన ఇల్లు మూడో అంతస్తులో. ముందు గదే దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన ఇస్త్రీబల్ల, మూలన తలలేని బొమ్మ ఒకటి, గోడ పొడుగునా కడ్డీకి వేలాడే కోట్లు, ఒక్కోదానికి గుండుసూదితో ఒక చీటీ. ఇంటావిడ దర్జీ. కొత్తవి కుట్టడం తక్కువ, పాతవాటికి ప్రాణం పొయ్యడం ఎక్కువ. మైకు ఆవిడని మనసులో పిన్ని అనుకుంది. నెల తిరిగేసరికి పైకే పిన్నీ అనేసింది. అర్థం తెలియకపోయినా ఆవిడ ఠక్కున పలికింది. ఆ వరసలో ఆవిడ భర్త, బస్సు డ్రైవరు, బాబాయ్ అయ్యాడు. ఆయన తల్లి మామ్మ అయింది.

ఆ దుకాణం నిజానికి మామ్మది. కోడలికి సూది పట్టడం నేర్పింది ఆవిడే. అత్తాకోడళ్ళు ఒకే కత్తెర పంచుకుని కూడా, ముప్ఫై ఏళ్ళపాటు ఒకరినొకరు కత్తిరించుకోకుండా నెట్టుకొచ్చారు. ఇప్పుడు మామ్మకి చేతులు వణుకుతాయి, చెవి సరిగ్గా వినపడదు. కిటికీ దగ్గర కుర్చీలో చేతికర్ర పట్టుకుని కూర్చుని, మైకు ఏం గొణిగినా ఒకటే మాట: "ఏంటీ? నోట్లో దూది పెట్టుకున్నావా పిల్లా?"

మైకు జీవితంలో "గట్టిగా మాట్లాడు" అనిపించుకోవడం అదే మొదలు.

భోజనాల బల్ల దగ్గర ఇంకా ఘోరం. మొదటి వారం సూపులో ఉప్పు తక్కువైంది. ఉప్పు డబ్బా బాబాయ్ మోచేతి దగ్గరుంది. "దయచేసి ఉప్పు అందిస్తారా" అన్న వాక్యాన్ని మైకు తలలో కూర్చింది. "అందించండి" అంటే ఆజ్ఞలా ఉంటుందేమో, "అందించగలరా" అంటే అనుమానించినట్టుంటుందేమో అని తర్జనభర్జన పడి వాక్యం ఖాయం చేసేసరికి గిన్నె ఖాళీ. మూడు వారాలు అలాగే చప్పిడి సూపు తాగింది. ఉప్పూ చప్పుడూ రెండూ లేని భోజనం.

పిన్నిని చూస్తే మాత్రం మైకుకి కడుపు నిండిపోయేది. కాలేజీ నుంచి రాగానే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఇస్త్రీబల్ల పక్కన స్టూలు మీద కూర్చునేది. చదివేది పుస్తకం, చూసేది పిన్నిని. మణికట్టుకి సూదుల మెత్త, మెడలో టేపు, చెవి సందున సుద్దముక్క. మనిషి గుమ్మంలోకి రాగానే, టేపు తియ్యకముందే కొలిచేసేది. ఒకసారి పోస్టుమాన్ ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొస్తే, ఆయన నోరు తెరవకముందే, "ఎడమ భుజం కుంగింది. సంచీ మార్చి మార్చి వేసుకోండి. చొక్కా కూడా ఇటివ్వండి, సరిచేస్తా" అంది. పోస్టుమాన్ తన భుజాన్ని తనే కొత్తగా చూసుకున్నాడు. దర్జీ అంటే దర్జాగా ఉండేది బట్ట కాదు, చూపు అని మైకుకి ఆరోజు తెలిసింది.

ఇంకో విద్య ఉంది పిన్నికి. నోట్లో అరడజను గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడేది. మైకు నోట్లో ఏమీ లేదు, అయినా మాట లేదు.

ఎప్పుడైనా మైకు రెండు ముక్కలు అంటే, మధ్యలో ఆపి సరిచేసేది కాదు పిన్ని. మాట అయ్యేదాకా ఆగి, తర్వాత అదే మాటని తప్పులేకుండా తన మాటలా తిరిగి అనేది. అది మర్యాద అనుకుంది మైకు. అది మర్యాద కాదనీ పనితనమనీ తెలియడానికి ఒక కోటు చిరగాల్సి వచ్చింది. సారీ, చిరగలేదు. విడిపోయింది. ఆ కథే ఇది.

సెమిస్టర్ చివర పదిహేను నిమిషాల మౌఖిక పరీక్ష. ఎదురుగా ఇద్దరు మాస్టార్లు, చేతిలో కాగితం ఉండకూడదు. అందులో తప్పితే రాతపరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా సెమిస్టర్ లెక్కలోకి రాదు. స్కాలర్‌షిప్ పోతుంది, ఇంటికెళ్ళి ఏడాదంతా మొదటినుంచి చదువుకోవాలి. తొమ్మిది రోజుల ముందు కాలేజీలో నమూనా పరీక్ష పెట్టారు. పదిహేను నిమిషాల్లో మైకు నాలుగే నాలుగు వాక్యాలు చెప్పింది. మౌఖిక పరీక్ష కాస్తా మౌన పరీక్ష అయింది.

"నాలుగూ ముత్యాలేనమ్మా," అంది టీచరమ్మ జాలిగా. "కానీ నాలుగు ముత్యాలకి దండ ఎలా అవుతుంది? అసలు పరీక్షలో ఇలాగైతే నేనేం చెయ్యలేను."

పరీక్షకి చదువుకోమని సెలవులిచ్చారు. అంతకుముందు దుకాణం తెరిచున్న రోజు మైకు ఎప్పుడూ పగటిపూట ఇంట్లో ఉన్నది లేదు. పిన్ని పొద్దున్న చేసే పనులేవీ ఆమె చూడలేదు, సాయంత్రానికి తయారైన బట్టలే చూసింది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మైకు తరఫున వాదించడానికి పనికొస్తుంది.

ఆ గురువారం పొద్దున బాబాయ్ డ్యూటీకెళ్ళాడు. మధ్యాహ్నం పిన్ని గొడుగు తీసుకుని బయల్దేరింది. "ఒకళ్ళింట్లో కర్టెన్లకి కొలతలు తియ్యాలి. నాలుగింటికి ప్రెస్సాయన వస్తాడు, ఆ నీలం కోటు ట్రయల్‌కి. ఆలోగా వచ్చేస్తా. మామ్మని చూస్తుండు."

ప్రెస్సాయన ఇరవై ఎనిమిదేళ్ళు ఒక అచ్చాఫీసులో మిషను నడిపాడు. ఆ ప్రెస్సు మూతపడింది. మర్నాడు పొద్దున పదింటికి ఇంకోచోట ఇంటర్వ్యూ. ఆ కోటు వాళ్ళ అన్నయ్యది, ఈయనకి రెండు సైజులు పెద్ద. పిన్ని దాన్ని మొత్తం విప్పి, మళ్ళీ కత్తిరించి, మళ్ళీ కూర్చి బొమ్మకి తొడిగింది.

రెండున్నరకి మైకు భూతాలతో కుస్తీ పడుతూ తలెత్తింది. ముదురు నీలం కోటు. భుజాల చుట్టూ, కాలర్ చుట్టూ, అంచు పొడుగునా వేలెడు వేలెడు తెల్లదారాలు. వంకరటింకరగా, నిర్లక్ష్యంగా.

"అయ్యో పిన్నీ," అనుకుంది మైకు. "తొందరలో దారాలు తెంపకుండా వెళ్ళిపోయింది పాపం. వచ్చేలోగా నేను శుభ్రం చేసేస్తా."

కిటికీ దగ్గర మామ్మ కునుకు తీస్తోంది. మైకు చిన్న కత్తెర తీసుకుంది. ముడి కత్తిరించి లాగితే దారం సర్రుమని వచ్చేసింది. ఇంకోటి. ఇంకోటి. ఇంత హాయిగా వచ్చే దారాన్ని ఆమె జన్మలో చూడలేదు. అక్కడే అనుమానం రావాలి. కానీ సరదా వచ్చినచోట అనుమానం రాదు. అమ్మ జాకెట్లన్నీ కళ్ళముందు మెదిలాయి. ఆఖరి దారం లాగింది.

కోటు కుడిచెయ్యి ఆమె చేతికొచ్చింది. ఎడమచెయ్యి నేలమీదికి జారింది. కాలర్ ఎగరేయడం మనం విన్నాం గాని, కాలర్ దానంతటదే ఎగిరిపోవడం మైకు కళ్ళారా చూసింది. దారమే కోటుకి ఆధారమని అప్పుడు అర్థమైంది.

మైకు చేతులెత్తేసింది. రెండు సొంతవి, రెండు కోటువి.

పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని ఫోను మిషను మీద లైనింగ్ గుడ్డ కిందనుంచి మోగింది. నాలుగైంది. బయట వాన. పిన్ని రాలేదు, బెల్ వచ్చింది.

గుమ్మంలో ప్రెస్సాయన. సన్నగా, పొడుగ్గా, తడిసిన బూట్లతో. చంకలో ఫైలు. మాట ఎంత మెల్లగా అంటే అచ్చు కూడా పడదు. "కోటు... ట్రయల్..."

మైకు దగ్గర అన్నివిధాలా ఇస్త్రీ చేసిపెట్టుకున్న వాక్యం ఒకటుంది, ఇలాంటప్పటికోసమే. ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది: "దర్జీగారు ఇంట్లో లేరు. దయచేసి రేపు రండి."

"రేపా?" ఆయన చూపు ఫైలు మీదికి వాలింది. "రేపు పదింటికే నాకు... సరే అమ్మా. పర్లేదు. స్వెట్టర్ వేసుకునే వెళ్తాను." వెనక్కి తిరిగి మెట్లు దిగడం మొదలెట్టాడు.

మైకు వాక్యం కూర్చడం మొదలెట్టింది. "నావల్ల పొరపాటు జరిగింది" అనాలా, "జరిగిపోయి ఉంది" అనాలా? ఆయన రెండో అంతస్తు దాటాడు. ఏ భూతకాలం వెయ్యాలి? ఆయన మొదటి అంతస్తు దాటాడు. ఈ లెక్కన ఆయన ఇంటికెళ్ళి భోంచేసి, రేపు స్వెట్టర్ వేసుకుని ఇంటర్వ్యూలో కూర్చునే టైముకి వాక్యం తయారవుతుంది.

కింద వీధితలుపు కిర్రుమంది.

మైకు ఆన్ అయింది.

"ఆగండి! నేను పీకింది! చేతులు! మీ చేతులు నేను పీకుతావు! తెల్లదారం ఉంది, నేను చెత్త అనుకున్నావు, మొత్తం లాగేశారు! రేపు లాగాను... కాదు, నిన్న... కాదు, ఇవాళ! పిన్ని మంచివాడు! తప్పు నాది! పైకి రా!"

మూడంతస్తుల మెట్లూ మారుమోగాయి. పెద్దాయన్ని పట్టుకుని రా అనేసిందని కూడా ఆమెకి తెలియలేదు.

కిందనుంచి ఒక గొంతు. "నా... చేతులా?"

ఇక్కడ ఒక మనవి. ఆ తర్వాత గంటసేపు మైకు మాట్లాడినదాంట్లో తప్పులన్నీ రాస్తే నా కాగితం చాలదు. ఇకనుంచి సరిచేసి చెప్తాను, తప్పులు మీరే కలుపుకోండి, ధారాళంగా.

ఆయన పైకొచ్చి, చేతుల్లేని కోటు చూసి, తన చేతులు రెండూ తడిమి చూసుకున్నాడు. మామ్మ చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఏంటీ? ఎవరిల్లు కాలింది?"

మైకు ఆవిడ చెవి దగ్గరికెళ్ళి అరిచింది. "మామ్మా! కోటు చేతులు ఊడగొట్టాను! దారాలన్నీ పీకేశాను!"

మామ్మ కోటుని చూసింది, ఆయన్ని చూసింది, మైకుని చూసింది. కుర్చీ ఊగేలా నవ్వింది. "అది కచ్చా కుట్టే పిచ్చిపిల్లా! పీకడానికే వేస్తాం. కానీ మిషను పడ్డాక పీకాలి. ముందు వదులుగా వేసి, ఒంటికి తొడిగి, ఎక్కడ పట్టేస్తుందో చూసి, అప్పుడు కదా గట్టి కుట్టు!" నవ్వు తుడుచుకుంది. "సూది తే. దారం తే. నా చేతులు వణుకుతాయి, నువ్వు కుట్టు."

"నా చేతులూ వణుకుతున్నాయి మామ్మా!"

"నాది ఎనభై ఏళ్ళ వణుకు. నీది ఐదు నిమిషాల వణుకు. తగ్గుతుంది. ఏమయ్యా, నువ్వా కోటు తొడుక్కో."

ఆయన చేతుల్లేని కోటు తొడుక్కుని గది మధ్యలో నిలబడ్డాడు. మామ్మ కళ్ళకి అంత దూరం ఆనదు, మైకు చేతులకి పని రాదు. ఇద్దరికీ మధ్య మిగిలింది మాటొక్కటే, అదీ అరిచి చెప్పాలి.

"సుద్దగీత కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది!"

"పాత సూదిబెజ్జాలు?"

"ఉన్నాయి! చీమలబారులా!"

"ఆ బారు వెంటే పో. చిన్నకుట్లు వద్దు, పెద్దవే వెయ్యి. అందంగా రాకపోతే ఏమీ కాదు. పోయేవే అవి."

మైకు మొదట ఎడమచెయ్యి కుడిపక్క కుట్టబోయింది. ఆయనే మెల్లగా, "అమ్మా, అది అటువైపుదేమో" అన్నాడు. మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది. సూది ఆమెని రెండుసార్లు కుట్టింది, ఆమె కోటుని కుట్టింది, లెక్క సరిపోయింది.

"వీపు ఎలా ఉంది?" అని అడిగింది మామ్మ.

ముడత అన్న మాట స్పానిష్‌లో మైకుకి రాదు. మామూలుగా అయితే అక్కడితో సాయంత్రమయ్యేది. "నీ నుదుటి మీద ఉన్నట్టు ఉంది మామ్మా!"

ప్రెస్సాయన కంగారుపడ్డాడు. మామ్మ మాత్రం నుదురు తడుముకుంది. "నా నుదుటి మీద చాలా ఉన్నాయి. వీపు మీద ఎన్ని?"

"మూడు!"

"అయితే భుజం ఒక వేలు వెనక్కి జరుపు. ఇప్పుడు?"

"ఒకటే ఉంది! అదీ ఆయన ఊపిరి పీలిస్తే పోతోంది!"

"అయితే రేపు ఊపిరి పీల్చమను. ఇంటర్వ్యూలో ఎలా కూర్చుంటాడట? కూర్చోపెట్టు. చెయ్యి కలపమను. చెయ్యి చాస్తే కోటు చెయ్యి ఎంత పైకి పోతుందో చూడు."

మైకు స్టూలు మీద కూర్చుని పెద్ద ఆఫీసరులా చెయ్యి చాపింది. "నమస్కారం! మీరు ఇదివరకు ఏం పని చేశారు?"

"ప్రెస్సులో..." అని గొణిగాడాయన.

"ఏంటీ? నోట్లో దూదా?" అంది మామ్మ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇరవై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో మిషను నడిపాను! ఒక్కరోజు పని ఆపలేదు! చెడిపోతే నేనే బాగుచేసుకున్నాను!"

"చెయ్యి రెండు వేళ్ళు పైకి పోయింది మామ్మా!" అంది మైకు.

"పోనీ. మనిషి కూడా పైకి లేచాడుగా," అంది మామ్మ.

అప్పటికి పిన్ని వచ్చి పావుగంటైంది. వానలో బస్సు దొరక్క నడిచొచ్చి, మెట్లెక్కుతుంటే రెండో అంతస్తువాళ్ళు తలుపు తీసి, "మీ ఇంట్లో ఎవరో పోట్లాడుకుంటున్నారు" అన్నారట. పిన్ని పైకొచ్చి, గుమ్మం బయటే తడిగొడుగు పట్టుకుని ఆగిపోయింది. ఎందుకు లోపలికి రాలేదని తర్వాత బాబాయ్ అడిగితే, "పిల్ల వాక్యం మధ్యలో ఉంది" అందట. ఆ పావుగంటా ఒకటే వాక్యం మరి, ఫుల్‌స్టాప్ ఎక్కడుందని!

మైకు పిన్నిని చూసి మళ్ళీ బిగుసుకుపోయింది. పిన్ని లోపలికి వచ్చి, తెల్లకుట్ల మీద వేలు పోనిచ్చింది, చీకట్లో మెట్లు తడుముకున్నట్టు. ఒకచోట ఆగి, మూడు కుట్లు విప్పి, తనే వేసింది. మిగతావి ముట్టుకోలేదు.

"పిన్నీ, నేనే దారాలు..."

"విన్నాను. వీధంతా విన్నది." సుద్దముక్క తీసి చేతి అంచు మీద గీత గీసింది. "కుట్లు వంకర. కోటు సరిగ్గా కూర్చుంది. నాకు కావాల్సింది రెండోది." ఆయన వైపు తిరిగింది. "ఆరున్నరకి రండి."

అప్పుడు చూడాలి ఆవిడ పని. మైకు స్టూలు మీదనుంచి కదల్లేదు. వంకరకుట్ల పక్కనే మిషను సూది తిన్నగా, సూటిగా నడిచింది. చంక దగ్గర బట్ట ముడుచుకుంటుందనిపించినచోట, ఆవిడ బొటనవేలితో దాన్ని బుజ్జగించినట్టు అద్దింది, అది మాట విన్న పిల్లలా సర్దుకుంది. రెండు చేతులూ ఎక్కాయి, కాలర్ కూర్చుంది, లైనింగ్ లోపలికెళ్ళింది, అంచు మడత పడింది. తొందర లేదు, ఆలస్యమూ లేదు. ఆరూ ఇరవైకి మిషను ఆపి, చిన్న కత్తెర తీసి మైకు చేతిలో పెట్టింది.

"ఇప్పుడు పీకు."

మైకు తెల్లదారాలన్నీ పీకింది. కోటు కోటులాగే ఉంది.

తర్వాతి బుధవారం పరీక్ష. ఇద్దరు మాస్టార్లూ, "నువ్వుంటున్న ఇంటి గురించి చెప్పు" అన్నారు. మైకు నోరు తెరిచింది, మొదటి క్రియే తప్పింది. ఒక్క క్షణం చెవులు వేడెక్కాయి. పోయేదేలే అనుకుని ముందుకెళ్ళింది, నాలుగు మాటల తర్వాత వెనక్కొచ్చి దాన్ని బిగించింది, మళ్ళీ ముందుకెళ్ళింది. మాట తెలియనిచోట నుదుళ్ళూ చీమలూ వాడుకుంది. పిన్ని చూపు గురించి, మామ్మ కర్ర గురించి, నోట్లో సూదుల గురించి చెప్పింది. పదిహేను నిమిషాల గంట కొట్టారు. ఆమె ఇంకా చంక దగ్గరి బట్ట గురించే చెప్తోంది. ఒక మాస్టారు లేచి వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఇంకో మాస్టారు, "ఉండండి, ఆ కోటు ఏమైందో చెప్పనివ్వండి" అన్నాడు.

శనివారం కాగితమొచ్చింది. పాస్. కింద చేత్తో రాసిన ఒక పంక్తి: "తప్పులు చాలా ఉన్నాయి. అర్థం కానిది ఒక్కటీ లేదు. ఆపడం కష్టం."

అదే రోజు ప్రెస్సాయన కూడా వచ్చాడు, కోటు మధ్య గుండీ చేత్తో పట్టుకుని. ఇంటర్వ్యూలో దాన్ని తిప్పీ తిప్పీ ఊడగొట్టుకున్నాడట. "గుండీ జారింది," అన్నాడు, గదంతా వినపడేలా. "గుండె జారలేదు. సోమవారం చేరమన్నారు." పిన్ని సూది అందుకోబోయి, ఆగి, మైకు వైపు తోసింది. ఆ గుండీ మైకే కుట్టింది, కాస్త వంకరగా, ఈసారి పక్కాగా.

ఆ సాయంత్రం సూపులో మళ్ళీ ఉప్పు తక్కువైంది. డబ్బా ఎప్పట్లాగే బాబాయ్ మోచేతి దగ్గరుంది.

"బాబాయ్! ఉప్పు!" అంది మైకు. "దయచేసి! ఇవ్వండి, ఇస్తారా, ఇవ్వగలరా, మీకేది బాగుంటే అది!"

బాబాయ్ ఉలిక్కిపడి ఉప్పుతోపాటు రొట్టె, చెంచా, నీళ్ళజగ్గు కూడా ఇటు జరిపేశాడు. పిన్ని నవ్వు ఆపుకుంటూ మాట పూర్తయ్యేదాకా ఆగి, "ఉప్పు అందిస్తారా," అని తనలో తను అనుకున్నట్టు అంది.

మామ్మ చెంచా కింద పెట్టి, రెండు చెవులూ మూసుకుంది.

"కాస్త మెల్లగా మాట్లాడవే పిల్లా. నాకేం చెవుడా?"